నేను కత్తిరించిన చివరి చరణం

కోడుమూరు దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో కోలాటం పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఆ రోజు నేను ఎర్రబావి ఆడపిల్లల జట్టుకు ఐదు మార్కులు తగ్గించాను. ఎందుకు తగ్గించానో కాగితం మీద నా చేత్తోనే రాశాను: పాటలో లేని చరణాన్ని కలిపి పాడారు అని. నిజానికి ఆ చరణం పాటలో ఉన్నదే. ముప్పై ఏళ్ల కిందట దాన్ని పాటలోంచి తీసేసింది నేను. తీసేసిన సంగతి కూడా మరిచిపోయి తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నాను.

నేను కర్నూలులో ఒక చిన్న రికార్డింగు స్టూడియోలో పాతికేళ్లకు పైగా అరేంజరుగా పనిచేశాను. ఎవరో రాసి, ఎవరో బాణీ కట్టిన పాటకు ముందు ఏ వాయిద్యం మోగాలి, మధ్యలో ఎంతసేపు మోగాలి, వంతపాట ఎక్కడ అందుకోవాలి, మొత్తం ఎన్ని నిమిషాల్లో ముగియాలి, ఇవన్నీ నిర్ణయించడం నా పని. కోలాటాలు, చెక్కభజనలు, అయ్యప్ప పాటలు, చర్చి పాటలు, ఎన్నికల పాటలు, ఏదైనా సరే. మా వైపు క్యాసెట్టు ఎక్కిన గుంపు పాటల్లో చాలావాటి మీద నా చెయ్యి పడింది. ఇప్పుడు చెవులు మందగించాయి, పని మానేశాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇదే పని చేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, అప్పట్లో ఎట్లా చేసేవాళ్లని అడుగుతుంటారు. ఇన్నాళ్లూ వాళ్లకు నా గొప్పలే చెప్పాను. ఇప్పుడు రాస్తున్నది చెప్పకుండా దాటేసినది.

ఆ జట్టు పాడిన పాట మా వైపు తెలియనివాళ్లు లేరు. పెళ్లి ఊరేగింపుల్లో, బడి వార్షికోత్సవాల్లో, తిరునాళ్లలో, అన్నిచోట్లా మోగుతుంది.

దాటిపోకే మబ్బమ్మా, మా గట్టు మీద కూసోవమ్మా
ఒక్క పదును ఇచ్చినాకే ఊరు దాటి పోవమ్మా

పన్నెండు మంది పిల్లలు. కోల తప్పలేదు, అడుగు తప్పలేదు. క్యాసెట్టులో "ఒక్క చినుకు" అని ఉన్నచోట వాళ్లు "ఒక్క పదును" అన్నారు. అది ఒకటి గుర్తు పెట్టుకున్నాను. మూడు చరణాలతో ఆపుతారనుకుంటే ఆపలేదు. వలయం తిప్పి, ఎదురుబొదురుగా నిలబడి నాలుగోది అందుకున్నారు.

ఎర్రబావి ఉరుకుందు ఎండలోన అల్లిన పాట
ఇత్తనాలు మూటగట్టి ఎదురు సూసి అల్లిన పాట

నాకు కోపం వచ్చింది. పాత పాటకు తమ ఊరి పేరో, పైకం ఇచ్చిన నాయకుడి పేరో తగిలించి పాడటం ఈ మధ్య మామూలైపోయింది. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. మార్కులు చదివేటప్పుడు ఆ మాటే మైకులో చెప్పాను. జట్టును నడిపే పిల్ల మంజుల, ఇరవై ఏళ్లుంటాయేమో, వేదిక కిందికి వచ్చి నిలబడింది.

"సార్, అది మేం కలిపింది కాదు. పాట మా అవ్వది."

నా చేతిలో మైకు ఉంది. ముందర రెండు వేల మంది ఉన్నారు. "తల్లీ, ఈ పాటకు సంగీతం చేసింది నేను. ఇది జానపదం. జానపదానికి అవ్వా తాతా ఉండరు" అన్నాను. జనం నవ్వారు. బాగా అన్నానని నేనూ నవ్వాను.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి ఒక ముసలామె లేచి వేదిక అంచుదాకా వచ్చింది. గొంతు పెంచలేదు. దగ్గర కూర్చున్నవాళ్లకు మాత్రమే వినపడింది.

"ఏమప్పా, పెట్టె వాయించే అప్పా. ఆ పొద్దు టైము చాల్లేదంటివి. ఈ పొద్దు గూడా చాల్లేదా?"

ముఖం చూసి గుర్తుపట్టలేదు. హార్మోనియాన్ని పెట్టె అనే ఆ మాట, ఆ బరువైన గొంతు, రెండూ కలిసి నన్ను స్టూడియోలోకి ఈడ్చుకుపోయాయి. ఉరుకుందమ్మ. పాట కట్టిన మనిషి.

ఇంకా బహుమతులు ఇవ్వలేదు. కాగితం నా ముందే ఉంది, కలం నా చేతిలోనే ఉంది. మైకులో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పక్కన ఇద్దరు న్యాయనిర్ణేతలు ఏమనుకుంటారో అనుకున్నాను. భుజం మీద అప్పుడే కప్పిన శాలువా ఉంది. తెలియక చేసింది మొదటి తప్పు. తెలిసి నోరు మూసుకున్నది రెండోది, దానికి ఏ సాకూ లేదు. మొదటి రెండు బహుమతులు వేరే ఊళ్లకు పోయాయి. ఎర్రబావి పిల్లలకు ప్రోత్సాహకంగా తలా ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. పన్నెండు డబ్బాలనూ వేదిక మీదే వరసగా పేర్చి, దిగి వెళ్లిపోయారు.

కత్తెర ఎక్కడ పడేది

క్యాసెట్టుకు ఒక్కో వైపు అరగంట. ఓనరుకు అట్ట మీద పది పాటలు కనపడాలి. అంటే ఒక్కో పాటకు ఐదారు నిమిషాలు. పల్లెలో కట్టిన పాటకు నిమిషాల లెక్క లేదు. ఆడేవాళ్ల కాళ్లు ఒప్పుకున్నంతసేపు నడుస్తుంది. కాబట్టి కత్తిరించాలి. పల్లవిని తీయలేం. మొదటి చరణం వినేవాణ్ణి పట్టుకుంటుంది, దాన్నీ తీయలేం. మధ్యలో వచ్చే వాయిద్యాల ముక్క నేను కట్టింది, దాని జోలికి ఎవరూ పోరు. మిగిలింది చివరి చరణం. అప్పటికి బాణీ చెవికి అలవాటైపోతుంది, అందులో కొత్తగా ఏమీ వినపడదు. తీసేస్తే ఎవరికీ తెలియదు.

పాట కట్టిన మనిషి పేరూ ఊరూ ఉండేది ఆ చరణంలోనే. ముద్ర అంటారు. కోలాటం పాటలో, భజన కీర్తనలో, తత్త్వంలో, దేంట్లోనైనా అంతే. రాతకోతలు రానివాళ్లు తమ పాటకు తాము వేసుకునే సంతకం అది. మేం టైము కోసం కత్తిరించిన ప్రతిసారీ సంతకమే తెగింది. ఎవరి పేరూ తీయాలని తీయలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే అయితే, ఆ పాతికేళ్లలో ఒక్క క్యాసెట్టు మీదైనా నా పేరు ఎందుకు తెగలేదు?

ఈ మధ్య ఆ పాట మళ్లీ పెట్టుకుని గడియారం చూశాను. ముందు మోగే నా సంగీతం యాభై సెకన్లు. పిల్లలు పాడిన నాలుగో చరణం నలభై.

తెలియక చేశానని కూడా అనలేను. నేను మైదుకూరులో పుట్టాను. పసుపు మండీలో గుమాస్తాగా చేసే ఒకాయన మాకు భజన నేర్పాడు, హార్మోనియం కూడా ఆయన దగ్గరే పట్టాను. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ముద్ర పాడకుండా తాళాలు కింద పెట్టకూడదు. ఎవరైనా మరిచిపోయి పాట దించేస్తే, లేచి పోతున్నవాళ్లను కూడా వెనక్కి పిలిచి కూర్చోబెట్టి ఆ ఒక్క చరణం పాడించేవాడు. "రాసినాయన బయట నిలబడుండాడు, లోపలికి పిలవండిరా" అనేవాడు. పదేళ్లు ఆ మాట వింటూ పెరిగాను. కర్నూలు వచ్చి జీతం తీసుకోవడం మొదలుపెట్టాక రాసినవాళ్లందరినీ బయటే నిలబెట్టాను.

ఉరుకుందమ్మ స్టూడియోకు వచ్చిన రోజు

మా ఓనరును రామ్మోహన్ అందాం. దుర్మార్గుడు కాదు. వచ్చినవాళ్లకు అన్నం పెట్టకుండా పంపేవాడు కాదు. కాకపోతే అతనికి ఒక సిద్ధాంతం ఉండేది. కూలి మనిషి పేరు అట్ట మీద వేస్తే టౌనులో కొనరు, జానపదం అని వేస్తే గౌరవం. ఒకసారి పేరు వేస్తే రేపు వచ్చి గుమ్మంలో నిలబడతారు, జానపదం వచ్చి నిలబడదు. ఈ మాట అతను నవ్వుతూ చెప్పేవాడు. నేను నవ్వుతూ వినేవాణ్ణి.

శెనక్కాయ పెరికే పనులు అయిపోయాక ఉరుకుందమ్మ నలుగురు ఆడవాళ్లతో బస్సులో వచ్చింది. అప్పటికి ముప్పై దాటిన మనిషి. చదువు లేదు. పాట మొత్తం తలలోనే ఉంది, ఒక్క మాట తడబడదు. గొంతు బండగా ఉందని ఓనరు టౌనులో పాడే ఒక అమ్మాయిని పిలిపించాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉరుకుందమ్మ ఆ అమ్మాయికి ఎదురుగా నేల మీద కూర్చుని తన పాటను తనే నేర్పింది. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ కోల పడుతుందో చేత్తో తొడ మీద కొట్టి చూపించింది. అంత ఓర్పుగా నేర్పిన గురువును నేను మళ్లీ చూడలేదు. ఆ పూట మాత్రం ఆమె గురువని నాకు తోచలేదు.

మొదట మాట మార్చాను. పదును అంటే టౌనువాళ్లకు తెలియదు, చినుకు అందామన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. "చినుకు పడితే ఏమొస్తాదప్పా? దుమ్ము అణుగుతాది. ఇత్తనం ఏసేకి పదును గావాల" అంది. విత్తనం మొలవాలంటే నేల లోపలిదాకా తడవాలి. ఆ తడిని పదును అంటారు. నాలుగు చినుకులు నమ్మి విత్తితే విత్తనం మాడిపోతుంది. అంటే నేను మార్చిన పాటలో ఆ రైతు మబ్బును అడుగుతున్నది తన పంట నాశనం కావాలని. నేను రైతు కొడుకును కాను, కానీ ఆమె విప్పి చెప్పింది. వినిపించుకోలేదు.

తర్వాత నాలుగో చరణం దగ్గరికి వచ్చాం. ఇది వద్దన్నాను.

"అది తీసేస్తే పాట ఎవురిదని తెలుస్తాదప్పా?"

"టైము చాలదమ్మా. క్యాసెట్టులో పట్టదు."

డోలక్ వాయించే మహబూబ్ బాషా తల ఎత్తాడు. నాకంటే పెద్దవాడు, ఎక్కువ మాట్లాడడు. "మాస్టరు, ముందర మ్యూజిక్కు కొంచెం తగ్గిద్దామా? నేను రెండు ఆవర్తాలు ఇడిసిపెడతా" అన్నాడు. అతని దరువును అతనే తగ్గించుకుంటానంటున్నాడు. "నువ్వు నీ వాయింపుడు చూసుకో భాయ్" అన్నాను. అతను డోలక్ తాడు బిగించుకుంటూ కూర్చున్నాడు.

ఉరుకుందమ్మ "అయితే అట్ట మీదన్నా రాస్తారా?" అని అడిగింది.

"రాస్తాం" అన్నాను.

నెల తర్వాత అచ్చుకు పోయే ముందు అట్ట నా దగ్గరికే వచ్చింది. రచన: జానపదం. సంగీతం: నేను. నా పేరులో ఒక దీర్ఘం పడలేదు. కలం తీసి దాన్ని దిద్ది పంపించాను. ఆ దీర్ఘం పెట్టిన చేత్తోనే ఇంకొక పేరు రాసి ఉండవచ్చు. ఓనరు కొట్టేసేవాడేమో, అప్పుడు ఆ తప్పు అతనిదయ్యేది. నేను రాయనే లేదు కాబట్టి ఇది నాది.

నాది పోయినప్పుడు

ఇది జరిగిన మూడు నాలుగేళ్లకు హైదరాబాదులో ఎవరో చేసిన ఒక ఆల్బంలో నేను కట్టిన పన్నెండు స్వరాల వేణువు ముక్క స్వరం పొల్లుపోకుండా వచ్చింది. ఎంత గొడవ చేశానో చెప్పలేను. రెండు క్యాసెట్లూ చంకలో పెట్టుకుని నెలల తరబడి తిరిగాను. ఉత్తరాలు రాశాను. కర్నూలు రాజవిహార్ దగ్గర టీ అంగట్లో కూర్చుని, వినేవాడు దొరికితే చాలు, పన్నెండు స్వరాలు పాడి చూపించి, దొంగలు దొంగలు అని తిట్టాను. ఒకరోజు అట్లా తిడుతుంటే ఆ అంగట్లోనే ఉరుకుందమ్మ పాట మోగుతోంది. అంగడి అతను శబ్దం తగ్గించి నా గోడు విన్నాడు. పన్నెండు స్వరాలు పోయినందుకు నాకు అంత మంట. ఒక మనిషి పాట మొత్తం పోతే నాకు అది వినపడనేలేదు.

మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, అందుకే గట్టిగా చెప్తున్నాను. ఎవరు కట్టారో నిజంగా తెలియని పాటలు ఉంటాయి. తరాల కిందట పుట్టి నోళ్లలో నలిగి వచ్చినవి. వాటిని జానపదాలనండి, ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఎదురుగా కూర్చుని మన టీ తాగుతూ ఇది నాది అని చెప్తున్న మనిషి పాటను జానపదం అనడం దొంగతనం. ఇప్పుడు యూట్యూబులో మీరు వేస్తున్న మాట ఇంకొకటి ఉంది, సేకరణ. ఎవరి దగ్గర సేకరించారు? చేను గట్టు మీద పడి ఉంటే ఏరుకొచ్చారా? ఒక మనిషి ముందర ఫోను పెట్టి పాడించుకుని, ఆమె ఇంట్లో నీళ్లు తాగి, ఊరు దాటగానే ఆమె పేరు మరిచిపోతే దాన్ని సేకరణ అంటారా? సినిమా పాట నుంచి నాలుగు సెకన్లు వాడుకుంటే నోటీసు వస్తుందని మీ అందరికీ భయం. నోటీసు పంపలేనివాళ్ల దగ్గర ఆ భయం ఎందుకు ఉండదు? నేను ఈ మాట అడగడానికి తగనివాణ్ణని తెలుసు. తగినవాళ్లు ఎవరూ అడగడం లేదు.

ఎర్రబావిలో

పోటీ అయిన మూడో రోజు ఎర్రబావికి వెళ్లాను. ఊరి మొదట్లో ఆటో దిగి, కిరాణా అంగట్లో ఉరుకుందమ్మ ఇల్లు ఎక్కడని అడిగాను. "ఏ ఉరుకుందమ్మ సార్? క్యాసెట్టు ఉరుకుందమ్మనా?" అని అతను నవ్వాడు. ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగితే చెప్పాడు. ముప్పై ఏళ్ల కిందట ఆమె కర్నూలు నుంచి వచ్చి, నా పాట క్యాసెట్టులో వస్తాది, నా పేరు గూడా వస్తాది అని ఊరంతా చెప్పిందట. క్యాసెట్టు వచ్చాక పది ఇళ్లవాళ్లు ఒకచోట చేరి టేపు పెట్టుకున్నారట. గొంతు ఆమెది కాదు. పేరుండే చరణం కోసం చివరిదాకా చూశారట, రాలేదు. అట్ట తిప్పి చూశారట, లేదు. ఆమె వెంట కర్నూలు పోయిన ఆడవాళ్లు చెప్పినా ఎవరూ వినలేదట. అప్పటినుంచి ఆ ఊళ్లో ఎవరైనా గొప్పలు కోస్తే "క్యాసెట్టు మాటలు చెప్పొద్దు" అనడం అలవాటైందట. చిన్నపిల్లలు కూడా అంటారట, ఎందుకంటారో తెలియకుండానే.

ఒక పేరు రాయకపోతే ఏమవుతుంది, పాట జనంలోకి పోయింది కదా అనుకునేవాళ్లం. ఇది అయింది. ఒక మనిషి ముప్పై ఏళ్లు తన ఊళ్లో అబద్ధాలకోరుగా బతికింది.

ఇంటి ముందు మంజుల కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు. "ఇంకో ఐదు మార్కులు తగ్గించేకి వచ్చినారా సార్?" అంది. లోపల్నుంచి ఉరుకుందమ్మ వచ్చి, మనవరాలిని ఊరుకోమని, నన్ను మంచం మీద కూర్చోమంది. నేను కూర్చోకుండానే చెప్పాను. తప్పు చేశానక్కా, అప్పుడూ చేశాను, మొన్నా చేశాను, క్షమించమని.

ఆమె వినింది. వినేటప్పుడు ముఖంలో కోపం లేదు, కరుణ కూడా లేదు.

"తప్పయిందని నాకెందుకు చెప్తాండావప్పా? నాకు తెల్సు గదా, తెలియనోళ్లకు చెప్పు. నేను అబద్దం చెప్పలేదని ఈ ఊరికి చెప్పిపో. మా ఇంటాయన గూడా నమ్మకనే పాయె."

భర్త పోయి ఆరేళ్లు. పాట కట్టినప్పుడు పక్కనే గట్టు మీద మబ్బు కోసం చూస్తూ విన్నవాడే. క్యాసెట్టు విన్నాక అతనికీ అనుమానం వచ్చిందట, ఎక్కడో విని తనదనుకుంటోందేమోనని. అతనికి నేను ఏమీ చెప్పలేను. ఆ భాగానికి దిద్దుబాటు లేదు.

సాయంత్రం పాలకేంద్రం ముందర ఊరు ఊరంతా క్యాన్లతో వస్తుంది. మంజుల వాళ్లు కోలాటం నేర్చుకునే స్థలమూ అదే. జట్టు స్పీకరు తెచ్చి పెట్టింది. నేను మైకు తీసుకుని, నేనెవరో చెప్పి, ఆ పాటను ఎట్లా రికార్డు చేశామో, చివరి చరణం ఎవరు తీశారో, అట్ట మీద రాస్తానని మాట ఇచ్చింది ఎవరో, తప్పినది ఎవరో వరసగా చెప్పాను. పాల క్యాన్ల చప్పుడు ఆగింది. వెనకాల నిలబడిన ఒక పెద్దాయన, తలగుడ్డ సర్దుకుంటూ, "ముప్పై ఏండ్లు యాడ పోయింటివి సారూ?" అని అడిగాడు.

"నా పేరు చూసుకుంటా కూచున్నా పెద్దాయనా" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పెద్దాయన ఉరుకుందమ్మ వైపు తిరిగి, ఆ మిగిలింది ఇప్పుడు పాడమ్మా, విందాం అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి నన్ను చూపించింది.

"తీసింది ఈయప్ప. పెట్టేది గూడా ఈయప్పనే. నువ్వు పాడప్పా."

నేను జీవితంలో ఎప్పుడూ మైకు ముందు ఒంటరిగా పాడలేదు. నా గొంతు అందుకు పనికిరాదు. పాడాను. రెండో పాదంలో శ్రుతి జారింది. మంజుల పక్కకు వచ్చి అందుకుంది, వెనకనే జట్టు వంత అందుకుంది, ఆడవాళ్లలో సగం మంది కలిశారు. వాళ్లకు ఆ చరణం ముందునుంచే వచ్చు. నమ్మకపోయినా వచ్చు. పాట అయ్యాక కిరాణా అంగటి అతను ఉరుకుందమ్మ దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. ఆమె పాల క్యాను ఎత్తుకుని, "సరేలే, పక్కకు జరుగు" అనడం మాత్రం వినపడింది.

ఆ తర్వాత

పోటీ పెట్టినవాళ్లకు శాలువా తిరిగి పంపి, మార్కులు దిద్దమని ఉత్తరం రాశాను. ఫలితాలు మార్చే పద్ధతి లేదన్నారు. పాత గొడవ ఇప్పుడెందుకు, మీకే చెడ్డ పేరు కదా సార్ అని ఒకతను ఫోనులో హితవు చెప్పాడు. నా చెడ్డ పేరు గురించి వాళ్లకు ఇంత దిగులు ఉండటం విచిత్రం. ఆ పాటను పెట్టిన యూట్యూబు చానళ్లవాళ్లకు ఫోన్లు చేశాను. ఇద్దరు జానపదం తీసేసి ఆమె పేరు పెట్టారు. ఒకతను మాత్రం, "క్యాసెట్టు అట్ట మీద మీరే జానపదం అని వేశారు కదా సార్, మాకు అదే ఆధారం" అన్నాడు. ఇప్పటికీ మార్చలేదు.

అందుకని వేరే దారి పట్టాను. పాట ఉన్నది చానళ్లలో కాదు, జట్ల దగ్గర. మహబూబ్ భాయ్‌ని వెతికి పట్టుకున్నాను. డెబ్బై దాటినా దరువు గట్టిగానే ఉంది. ఇద్దరం కలిసి ఆ పాట పాడే కోలాటం జట్లున్న ఊళ్లకు పోతున్నాం. మొదట పదును అనే మాట సరిచేయిస్తాం. ముందుగా అదే చేయాలని ఉరుకుందమ్మ చెప్పింది, తన పేరు తర్వాత అంది. ఆ తర్వాత నాలుగో చరణం నేర్పుతాం. ఎందుకు నేర్పుతున్నామో, దాన్ని ఎవరు తీశారో కూడా చెప్తాను. ప్రతి ఊళ్లో చెప్పడం కష్టంగానే ఉంటుంది. బస్సులో భాయ్, ఆ పొద్దే చెప్పినా గదా మాస్టరు అని ఒకసారైనా అనకుండా ఊరుకోడు. ఇప్పటికి పదకొండు ఊళ్లయ్యాయి.

మొన్న పోయిన ఊళ్లో ఒక పిల్ల, ఈ ఉరుకుందు ఏ కాలం ఆమె అని అడిగింది. ఈ కాలమే, ఈ పొద్దు చేనికి పోయింటుంది అన్నాను. వాళ్లు నమ్మలేదు. మంజులకు ఫోను చేసి, అవ్వకు ఇమ్మని, స్పీకరులో పెట్టాను. పిల్లలు పల్లవి నుంచి నాలుగో చరణం దాకా కోలలతో పాడారు. అయిపోయాక ఫోను పిల్లల దగ్గరికి జరిపాను.

"మూడో అడుగు తొందర పడతాండారు" అంది ఉరుకుందమ్మ. "నిదానంగా ఏయండి. ఇంగోసారి పాడండి, నేను ఈడనే ఉంటా."